'హాట్' అంటే కారమా, వేడా, ఉక్కా? ఇంగ్లీషు మాటల్ని స్పానిష్‌లోకి మార్చే పద్ధతి

తెలుగువాళ్ళు స్పానిష్ జోలికి వెళ్ళేది దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషు మీదుగానే. నేర్పే యాప్ ఇంగ్లీషులో ఉంటుంది, డిక్షనరీ ఇంగ్లీషు-స్పానిష్‌ది ఉంటుంది. మార్చాల్సిన వాక్యమూ ఇంగ్లీషుదే: హ్యూస్టన్‌లో మందుల షాపు లేబులో, హైదరాబాద్ ఆఫీసులో తయారయ్యే యాప్‌లోని బటనో, డాలస్‌లో ఇంటి పనికి వచ్చేవాళ్ళకి పంపే మెసేజో. ఈ పనిలో పెద్ద మాటలు ఇబ్బంది పెట్టవు. డెమోక్రసీకి 'దెమోక్రాసియా' అని ఎవరైనా రాస్తారు. కాలు జారేదంతా టేక్, ఆస్క్, టైమ్, హాట్, ఫ్రీ లాంటి చిన్న మాటల దగ్గర. ఇంగ్లీషు ఒక్క మాటలో నాలుగైదు అర్థాలు కుక్కుతుంది. స్పానిష్ ఒక్కో అర్థానికి ఒక్కో మాట పెట్టుకుంది. డిక్షనరీలో ముందు కనిపించిన మాట తెచ్చి అతికిస్తే తప్పు పడటమే ఎక్కువ.

మనకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు కలిపేసిన అర్థాల్ని తెలుగు చాలాచోట్ల విడిగానే ఉంచింది, అదీ అచ్చం స్పానిష్ విడదీసినట్టే. కాబట్టి కింద చెప్పే పద్ధతంతా ఒక అలవాటు మీద నడుస్తుంది: ఇంగ్లీషు వాక్యాన్ని ముందు మామూలు తెలుగులో, ఇంట్లో మాట్లాడే తెలుగులో అనుకోండి. ఆ తర్వాతే స్పానిష్ మాట వెతకండి. ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ బోల్తా కొట్టిస్తుందో రెండూ తెలుసుకోవాలి.

స్పానిష్ మాటల్ని ఇక్కడ లాటిన్ అమెరికా పలుకుబడిలో రాశాం. స్పెల్లింగులో 'వి' ఉన్నా 'బ' అనే పలుకుతారు, 'జె'ని 'హ' అంటారు, 'హెచ్' అసలు పలకరు. డిక్షనరీలో వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

1. ఏ దేశం, నువ్వా మీరా

స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. చదివేది మెక్సికో మనిషా, స్పెయిన్ మనిషా, అర్జెంటీనా మనిషా అన్నది తేల్చుకోకుండా ఒక్క మాట కూడా మార్చకండి. మూడూ కలిపి ఒకే వాక్యం కావాలంటే, అన్నిచోట్లా తప్పు లేకుండా నడిచే మాటలే ఏరుకోవాల్సి వస్తుంది.

ఇంగ్లీషు 'యు' నువ్వో మీరో చెప్పదు. స్పానిష్‌లో 'తూ' నువ్వు, 'ఉస్తేద్' మీరు. మందుల లేబుల్, ఆస్పత్రి, బ్యాంకు, పరిచయం లేని పెద్దవాళ్ళు అయితే ఉస్తేద్. కుర్రవాళ్ళ యాప్, స్నేహితులు అయితే తూ. అర్జెంటీనా, ఉరుగ్వేల్లో తూ బదులు 'బోస్' అంటారు, క్రియ కూడా మారుతుంది: 'తూ తియెనెస్' కాస్తా 'బోస్ తెనేస్' అవుతుంది. కొలంబియాలో బొగోటా వైపు ఇంట్లోవాళ్ళని కూడా ఉస్తేద్ అనడం ఉంది, దాన్ని దూరం పెట్టడంగా అనుకోకండి. పదిమందిని ఉద్దేశించి చెప్పేటప్పుడు స్పెయిన్‌లో చనువుంటే 'బోసోత్రోస్', లాటిన్ అమెరికా అంతటా 'ఉస్తేదెస్'.

తెలుగువాళ్ళు ప్రత్యేకంగా చేసే తప్పు ఒకటి ఇక్కడుంది. మన 'మీరు'కి క్రియ బహువచనంలో వస్తుంది కదా అని ఉస్తేద్‌కీ అలాగే పెడతారు. కానీ ఒక్క మనిషిని ఉస్తేద్ అన్నప్పుడు క్రియ 'ఆయన, ఆమె'కి వచ్చే ఏకవచనమే: 'ఉస్తేద్ తియెనే'. 'ఉస్తేద్ తియెనెన్' అనకూడదు.

మెషీన్ అనువాదం ఒకే మెసేజ్‌లో ఒక వాక్యం తూలో, ఇంకోటి ఉస్తేద్‌లో పెట్టడం తరచూ జరుగుతుంది. చదివేవాళ్ళకి 'మీరు ఇక్కడ నొక్కు' అన్నట్టు ఉంటుంది. అంతా అయ్యాక క్రియలన్నీ ఒకసారి వరసగా చూసుకోండి. 'సు' అనే మాట మీద కూడా కన్నేయండి. 'సు ఇహో' అంటే మీ అబ్బాయి కావచ్చు, ఆయన అబ్బాయి కావచ్చు, వాళ్ళ అబ్బాయీ కావచ్చు. ఆస్పత్రి కాగితంలో ఇది ప్రమాదం. అనుమానం ఉన్నచోట 'ఎల్ ఇహో దే ఉస్తేద్' అని విడమరిచి రాయండి.

2. మాటని పక్కన పెట్టి, అర్థాన్ని తెలుగులో అనుకోండి

'హాట్'ని తీసుకోండి. కూర హాట్ అంటే తెలుగులో కారం, స్పానిష్‌లో 'పికాంతే'. కాఫీ హాట్ అంటే వేడి, 'కాలియెంతే'. ఇవాళ హాట్‌గా ఉంది అంటే ఎండగా ఉంది, 'ఆసే కాలోర్'. నాకు హాట్‌గా ఉంది అంటే ఉక్కగా ఉంది, 'తెంగో కాలోర్'. నాలుగు తెలుగు మాటలు, నాలుగు స్పానిష్ దారులు, ఒక్క ఇంగ్లీషు మాట. ఇంగ్లీషుని పట్టుకుని 'ఎస్తోయ్ కాలియెంతే' అన్నారో, ఉక్కపోస్తోందని కాదు, ఒళ్ళు కామంతో వేడెక్కిందని చెప్పినట్టు. రెస్టారెంటులో కారం తగ్గించమనడానికి కాలియెంతే వాడితే చల్లారిన కూర వస్తుంది, కారం అలాగే ఉంటుంది.

టైమ్ కూడా ఇంతే. టైమ్ లేదు అంటే 'తియెంపో'. టైమెంత అంటే 'ఓరా'. మూడు సార్లు అంటే 'త్రెస్ బేసెస్'. తాతల కాలంలో అంటే 'ఎపోకా'. తెలుగులో ఇవి విడివిడిగా ఉన్నా, ఈమధ్య మనమూ అన్నిటికీ టైమ్ అనేస్తున్నాం కాబట్టి కాస్త పాత తెలుగుని గుర్తు చేసుకోవాలి. ప్లే అంటే ఆడటం 'హుగార్', వాయించడం 'తోకార్'. కార్నర్ గదిలో అయితే మూల, 'రింకోన్'. వీధిలో అయితే మలుపు, 'ఎస్కీనా'. మనిషి కాలు 'పియెర్నా', మంచం కోడు 'పాతా'. ఇంగ్లీషుకి ఒక్క మాట లేని మొన్న, ఎల్లుండి, తెల్లవారుజాములకి స్పానిష్‌లో 'ఆంతెఆయెర్', 'పాసాదో మాన్యానా', 'మాద్రుగాదా' సిద్ధంగా ఉన్నాయి. 'టూ వీక్స్' అన్నదాన్ని మనం పదిహేను రోజులంటాం. స్పానిష్‌వాళ్ళు కూడా 'కిన్సే దీయాస్' అంటారు, అంటే పదిహేను రోజులే.

3. 'ఈజ్' వచ్చిన ప్రతిచోటా ఆగండి

ఇంగ్లీషు 'బి' క్రియకి స్పానిష్‌లో 'సేర్', 'ఎస్తార్' అని రెండున్నాయి. శాశ్వతమైతే సేర్, తాత్కాలికమైతే ఎస్తార్ అని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పే సూత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. చచ్చిపోయినవాడు 'ఎస్తా ముయెర్తో', ఎస్తార్‌తోనే. అంతకంటే శాశ్వతం ఏముంది?

తెలుగుతో పరీక్షించడం మేలు. తెలుగు వాక్యం క్రియ లేకుండా పూర్తయితే సేర్, 'ఉన్నాడు, ఉంది' వస్తే ఎస్తార్. 'ఆయన టీచర్': క్రియ లేదు, కాబట్టి 'ఎస్ ప్రొఫెసోర్'. 'ఆయన ఇంట్లో ఉన్నాడు': 'ఎస్తా ఎన్ కాసా'. 'ఆమె పొడుగు': 'ఎస్ ఆల్తా'. 'టీ చల్లారి ఉంది': 'ఎస్తా ఫ్రీయో'. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళని ఏడిపించే ఒక మినహాయింపు కూడా ఈ పరీక్షకి లొంగుతుంది. కల్యాణమండపం విజయవాడలో ఉంది అంటే ఎస్తార్. కానీ పెళ్ళెక్కడ అని అడిగితే 'పెళ్ళి విజయవాడలో' అంటాం, 'ఉంది' అనం. స్పానిష్ కూడా అక్కడ 'లా బోదా ఎస్ ఎన్ విజయవాడ' అని సేర్ వాడుతుంది. భవనం ఒకచోట ఉంటుంది, వేడుక ఒకచోట జరుగుతుంది. రెండు భాషలూ ఆ తేడా పట్టుకున్నాయి.

పరీక్ష విఫలమయ్యేదెక్కడ? 'ఆమె పొడుగ్గా ఉంటుంది' అని కూడా అంటాం కదా. 'ఉంటుంది' ఎప్పుడూ ఉండే లక్షణం, అప్పుడు సేర్. 'ఉంది' ఇప్పటి స్థితి, అప్పుడు ఎస్తార్. ఇక 'ఫ్రిజ్‌లో పాలున్నాయి' అన్నట్టు ఉనికి మాత్రమే చెప్పేచోట రెండూ కాదు, 'ఆయ్' అన్న మూడో మాట. పాలు ఉన్నా, పది గుడ్లు ఉన్నా ఆయ్ మారదు.

ఇవి తారుమారైతే అర్థమే మారిపోయే జంటలు కొన్ని ఉన్నాయి. 'ఎస్తోయ్ అబుర్రీదో' అంటే నాకు బోర్ కొడుతోంది. 'సోయ్ అబుర్రీదో' అంటే నేనే బోరు మనిషిని. 'ఎస్తా లీస్తో' తయారుగా ఉన్నాడు, 'ఎస్ లీస్తో' తెలివైనవాడు.

4. తెలుగులో 'నాకు' వస్తే, స్పానిష్‌లో 'యో'తో మొదలుపెట్టకండి

ఇంగ్లీషులో దాదాపు అన్నీ 'ఐ'తో మొదలవుతాయి. తెలుగు, స్పానిష్ అలా కాదు. 'నాకు మామిడిపళ్ళు ఇష్టం' అన్నది మాటకి మాట 'మే గుస్తాన్ లోస్ మాంగోస్': మే అంటే నాకు. క్రియ మామిడిపళ్ళని బట్టి బహువచనంలో ఉంది. ఒక్క పండే అయితే 'మే గుస్తా'. ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు దీని దగ్గర నెలలు గడుపుతారు, మీకు ఆ అవసరం లేదు. 'నాకు తలనొప్పి' అన్నది 'మే దుయేలే లా కాబేసా'. ఇక్కడ 'నా తల' అని రాయకూడదు. 'నాకు' వచ్చేశాక తల ఎవరిదో మళ్ళీ చెప్పనక్కర్లేదు. 'నాకు సిగ్గేస్తోంది' అన్నదానికి 'మే దా బెర్గ్వెన్సా'.

'నాకు' ఉన్న ఇంకో గుంపు 'తెనేర్' అనే క్రియలోకి పోతుంది: ఆకలి, దాహం, నిద్ర, చలి, భయం, వయసు. 'తెంగో ఆంబ్రే' నాకు ఆకలేస్తోంది, 'తెంగో సుయేన్యో' నిద్రొస్తోంది. ఇరవయ్యేళ్ళు అంటే 'తెంగో బెయింతే ఆన్యోస్'. ఇంగ్లీషు చూసి 'సోయ్ బెయింతే' అంటే నేను ఇరవై అనే అంకెని అన్నట్టు.

మనుషుల విషయంలో ఒక జాగ్రత్త. 'ఐ లైక్ హిమ్' అన్నదాన్ని 'మే గుస్తా' అంటే మనసు పడ్డానని అర్థం చేసుకుంటారు. టీచరో, కొత్త మేనేజరో మంచివాడు, నచ్చాడు అని చెప్పడానికి 'మే కాయే బియెన్' అనండి.

5. తెలుగు కూడా చేయిచ్చే చోట్లు

ఆస్క్‌కి తెలుగులో 'అడుగు' ఒక్కటే, స్పానిష్‌లో రెండు. సమాచారం అడిగితే 'ప్రెగుంతార్', వస్తువో సాయమో అడిగితే 'పెదీర్'. బిల్లు ఎంత అని అడగడం ప్రెగుంతార్, బిల్లు తెమ్మని అడగడం పెదీర్. ప్రశ్న అడగడం మాత్రం 'ఆసేర్ ఊనా ప్రెగుంతా', ప్రశ్న చేయడం అన్నట్టు. మన 'ప్రశ్న వేయడం' గుర్తుంచుకుంటే చాలు.

'తెలుసు'కీ అదే చిక్కు. 'పరిచయం' అని మార్చి చూడండి. ఆమె నాకు తెలుసు, హైదరాబాద్ నాకు బాగా తెలుసు అన్నచోట పరిచయం సరిపోతుంది కాబట్టి 'కోనోసేర్'. ఆమె అడ్రసు తెలుసు అన్నచోట సరిపోదు, 'సాబేర్'. నైపుణ్యానికి మన 'వచ్చు' ఉంది చూశారా, అదీ సాబేర్‌లోకే: ఈత వచ్చు అంటే 'సే నాదార్'. ఇంగ్లీషు 'క్యాన్' చూసి 'ప్యుయేదో నాదార్' అంటే, ఈత వచ్చని కాదు, ఈదే వీలుందని అర్థం. చెయ్యి విరిగి కట్టు కట్టినవాడికి ఈత రావచ్చు గానీ ఈదే వీలుండదు.

పని చేయడం మనిషికైతే 'త్రాబాహార్', ఫ్రిజ్‌కీ లిఫ్టుకీ అయితే 'ఫున్సియోనార్'. నీళ్ళలో తిరిగే చేప 'పేస్', పళ్ళెంలోకి వచ్చింది 'పెస్కాదో'. చెవిపోటు అయితే 'ఓయీదో', చెవికి పోగు పెట్టుకునేది 'ఒరేహా'. డాక్టరు దగ్గర ఈ తేడా చూసుకోండి. ఎవరైనా పిలిస్తే మనం, ఇంగ్లీషువాళ్ళు కూడా, 'వస్తున్నా' అంటాం. స్పానిష్‌లో 'యా బోయ్' అనాలి, అంటే వెళ్తున్నా. పిలిచినవాడి వైపు నుంచి కాకుండా తను నిల్చున్నచోటు నుంచి చూస్తారు. 'బెంగో' అంటే వినేవాళ్ళకి వింతగా ఉంటుంది.

'ఫర్' గురించి రెండు ముక్కలు. తెలుగులో కోసం, కి, నాటికి అన్నవి వస్తే 'పారా'. వల్ల, మీదుగా, బదులు, చొప్పున వస్తే 'పోర్'. రోజువారీ వాక్యాల్లో చాలావరకు దీంతో గట్టెక్కుతాయి.

6. 'టేక్': అన్నిటికంటే తెగలు ఎక్కువ

'టేక్ హర్ టు ద హాస్పిటల్' అంటే తీసుకెళ్ళు, 'యెబార్'. మాత్ర వేసుకో అంటే 'తోమార్'. ఫోటో తీయి, పన్ను తీయి అంటే 'సాకార్'. అసలర్థం బయటికి తీయడమే, మన 'తీయి'లాగే రెండిటికీ నప్పుతుంది. రెండు గంటలు పడుతుంది అంటే 'తార్దార్'. చెప్పులు విప్పు అంటే 'కితార్సే'. బస్సు ఎక్కు అన్నచోట దేశం చూసుకోవాలి. స్పెయిన్‌లో 'కోహేర్' అని చిన్నపిల్లలు కూడా అంటారు. మెక్సికోలో, అర్జెంటీనాలో అదే మాట పచ్చి బూతు. ఎవరు చదువుతారో తెలియనప్పుడు తోమార్ వాడండి, ఎక్కడా తప్పు పట్టరు.

7. పోలిక చూసి మోసపోకండి

లాటిన్ మూలం వల్ల రెండు భాషల్లో ఒకేలా కనిపించే మాటలు వేలకొద్దీ ఉన్నాయి. ఎక్కువ శాతం నమ్మదగ్గవే. మిగతావాటిని ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకోవడం మంచిది. ముందు ప్రమాదమైనవి:

- ఎంబారాసాదా: గర్భవతి. ఎంబరాస్‌కి సంబంధం లేదు.
- ప్రెసెర్బాతీబో: కండోమ్. పచ్చడి సీసా మీద 'నో ప్రిజర్వేటివ్స్' అని వేయాలంటే స్పెయిన్‌కి 'సిన్ కోన్సెర్బాంతెస్', మెక్సికోకి 'సిన్ కోన్సెర్బాదోరెస్'.
- ఎక్సితాదో: లైంగిక ఉద్రేకం వైపు పోతుంది. సంబరంగా ఉందనడానికి 'ఎమోసియోనాదో'.
- కోన్స్తిపాదో: స్పెయిన్‌లో జలుబు చేసినవాడు. మలబద్ధకం ఉంటే 'ఎస్త్రెన్యీదో'.
- ఇన్తోక్సికాదో: తిన్నది వికటించినవాడు. తాగినవాడు 'బొర్రాచో'.
- ద్రోగా: ఎక్కువచోట్ల మత్తుమందు. డాక్టరు రాసేది 'మెదికామెంతో'.
- సోపోర్తార్: భరించడం. మీ టీమ్‌కి సపోర్టుగా ఉన్నానని చెప్పబోయి, వాళ్ళని భరిస్తున్నానని చెప్తారు. కావాల్సింది 'ఆపోయార్'.
- దిస్కుతీర్: చర్చ కన్నా తగాదాకి దగ్గర. 'ఆబ్లార్ దే' అంటే సరి.

ఐదోది ఎదురు దిశలో, స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి, ఎంత పని చేసిందో రికార్డుల్లో ఉంది. 1980లో దక్షిణ ఫ్లోరిడాలో ఒక 18 ఏళ్ళ కుర్రాణ్ణి స్పృహ లేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చారు. తిన్నది పడలేదేమో అన్న అర్థంలో ఇంట్లోవాళ్ళు 'ఇన్తోక్సికాదో' అన్నారు. సిబ్బంది దాన్ని మత్తుమందు ఎక్కువైన కేసుగా తీసుకున్నారు. నిజానికి అతనికి మెదడులో రక్తస్రావం అవుతోంది. అది తేలేసరికి ఆలస్యమై కాళ్ళూ చేతులూ పడిపోయాయి. దావా సుమారు 7.1 కోట్ల డాలర్ల పరిష్కారంతో ముగిసింది. ఆస్పత్రిలో చుట్టాలని, రెండు భాషలూ కాస్త వచ్చిన గుమాస్తాని దుభాషీగా నిలబెట్టొద్దని అమెరికాలో చెప్పేటప్పుడు ఈ కేసు తరచూ ప్రస్తావనకి వస్తుంది.

ప్రాణం మీదకి తేకపోయినా రోజూ ఎదురయ్యేవి: 'ఆక్తువాల్మెంతే' ప్రస్తుతం, 'నిజానికి' అనాలంటే 'ఎన్ రెయాలిదాద్'. 'ఎక్సితో' విజయం, బయటికి పోయే దారి 'సాలీదా'. 'కోలేహియో' బడి, కాలేజీ కాదు. 'లిబ్రెరీయా' పుస్తకాలు అమ్మే షాపు. 'పారియెంతెస్' చుట్టాలు, అమ్మానాన్నలు 'పాద్రెస్'. 'కార్పేతా' ఫోల్డరు. 'సోపా' తాగే సూపు, ఒళ్ళు రుద్దుకునేది 'హాబోన్'. అమెరికాలో పుట్టి పెరిగిన స్పానిష్ మాట్లాడేవాళ్ళు కార్పెట్‌ని కార్పేతా అనడం, 'కాల్ యు బ్యాక్'ని 'తే యామో పారా ఆత్రాస్' అనడం మీకు వినిపిస్తుంది. వాళ్ళతో మాట్లాడేటప్పుడు దిద్దబోకండి. రాతలో మాత్రం వాడకండి.

8. మందులు, అంకెలు: ఇక్కడ తొందర పనికిరాదు

'వన్స్ ఎ డే' అన్నది సగం మారి, 'వన్స్' ఇంగ్లీషు అక్షరాల్లోనే మిగిలిపోయిందనుకోండి. అవే అక్షరాలు స్పానిష్‌లో 'ఓన్సే' అని చదువుతారు, అంటే పదకొండు. రోజుకి ఒక్కసారి వేసుకోవాల్సిన మాత్ర రోజుకి పదకొండు అవుతుంది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఫార్మసీల కంప్యూటర్లు తయారు చేసిన స్పానిష్ లేబుళ్ళ మీద 2010లో వచ్చిన అధ్యయనంలో దాదాపు సగం లేబుళ్ళలో ఏదో ఒక తప్పు కనిపించింది. కాబట్టి అంకె వేసి '1 బేస్ ఆల్ దీయా' అని రాయండి. 'బేసెస్' అంటే సార్లు, 'బేసోస్' అంటే ముద్దులు. స్పెల్లింగు రెండుసార్లు చూడండి. టీస్పూను 'కుచారాదీతా', 5 మిల్లీలీటర్లు. టేబుల్‌స్పూను 'కుచారాదా', 15. 'చెంచా' అన్న అర్థంలో ఉత్త 'కుచారా' అని వదిలేస్తే మూడింతల మందు పోవచ్చు, అందుకే మిల్లీలీటర్లు కూడా వేయాలి.

దశాంశం దగ్గర ఇంకో గుంట. స్పెయిన్, అర్జెంటీనా, చిలీ, కొలంబియాల్లో రెండున్నరని 2,5 అని కామాతో రాస్తారు. మెక్సికోలో, మధ్య అమెరికాలో చాలాచోట్ల మనలాగే 2.5. స్పెయిన్‌లో 1.500 కనిపిస్తే అది ఒకటిన్నర కాదు, వెయ్యిన్ని ఐదు వందలు. తేదీ రోజుతో మొదలవుతుంది, మన పద్ధతే. అమెరికాలో నెల ముందు వేస్తారు కాబట్టి అక్కడి చదువరులకి నెల పేరు అక్షరాల్లో రాయడం క్షేమం. నెలలకీ వారాలకీ పెద్ద అక్షరం వాడరు.

బిలియన్ సంగతి తెలుగు లెక్కలో తేలిగ్గా తేలుతుంది. ఇంగ్లీషు బిలియన్ అంటే 100 కోట్లు, స్పానిష్‌లో 'మిల్ మియోనెస్'. స్పానిష్ 'బియోన్' అంటే లక్ష కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్లు 'ఓచో మిల్ మియోనెస్'. 'ఓచో బియోనెస్' అని రాస్తే వెయ్యి రెట్లు పెరిగిపోతుంది.

9. బటన్ల మీద ఒంటరి మాటలు

వాక్యం లేకుండా ఒక్క మాటే చేతికిస్తే ఎంత తెలిసినవాళ్ళయినా తప్పుతారు. 'సేవ్' ఫైలుకైతే 'గ్వార్దార్', డబ్బుకైతే 'ఆఓర్రార్', ప్రాణానికైతే 'సాల్బార్'. 'హోమ్' పేజీకి 'ఇనీసియో', కాసా కాదు. 'బ్యాక్'కి 'ఆత్రాస్' లేదా 'బోల్బేర్'. 'ఎస్పాల్దా' అంటే వీపు. పాట 'ప్లే' చేయడానికి 'రెప్రొదుసీర్'. 'ఫ్రీ' డబ్బులక్కర్లేకపోతే 'గ్రాతిస్', సీటు ఖాళీగా ఉంటే 'లీబ్రే'. మ్యాపుల యాప్‌లో 'రైట్'కి 'దెరేచా'. చివర అక్షరం మారి 'దెరేచో' అయితే చాలాచోట్ల తిన్నగా వెళ్ళమని అర్థం, మనిషి మలుపు దాటేస్తాడు. 'ఓపెన్' తెరవమనడమా (ఆబ్రీర్), తెరిచి ఉందనడమా (ఆబియెర్తో) అన్నది స్క్రీన్ చూస్తే గానీ తేలదు. అందుకే స్క్రీన్‌షాట్ లేకుండా బటన్ల ఫైలు ఒప్పుకోకండి. స్పానిష్ పాఠం ఇంగ్లీషు కంటే ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా పెరుగుతుంది, చిన్న బటన్లలో ఇంకా ఎక్కువ. డిజైనర్‌కి ఈ మాట మొదటి రోజే చెప్పండి.

10. ఊరు మారితే మాట మారుతుంది

'తోర్తియా' మెక్సికోలో మొక్కజొన్న రొట్టె, స్పెయిన్‌లో బంగాళదుంపల ఆమ్లెట్. 'తీంతో' కొలంబియాలో బ్లాక్ కాఫీ, స్పెయిన్‌లో రెడ్ వైన్. పొద్దున ఎనిమిదికి ఆర్డర్ చేసేటప్పుడు తేడా తెలుస్తుంది. 'గ్వాగ్వా' క్యూబాలో బస్సు, చిలీలో చంటిబిడ్డ. 'కామియోన్' చాలాచోట్ల లారీ, మెక్సికోలో బస్సు. సెల్‌ఫోన్ స్పెయిన్‌లో 'మోబిల్', లాటిన్ అమెరికాలో 'సెలులార్'. స్ట్రాకి దేశానికో పేరు: మెక్సికోలో 'పొపోతే', స్పెయిన్‌లో 'పహీతా', కొలంబియాలో 'పితీయో'.

కారు పేర్ల కథలు మీరు వినే ఉంటారు. 'నో బా', అంటే నడవదు, అన్నట్టు వినిపించి షెవ్రొలే నోవా అమ్ముడుపోలేదన్నది ఉత్త పుకారు. మెక్సికోలో, వెనెజువెలాలో బాగానే అమ్ముడుపోయింది. మిత్సుబిషి పజేరో సంగతి మాత్రం నిజం. మన రోడ్ల మీద ఆ పేరుతోనే తిరిగిన బండి స్పానిష్ దేశాల్లో 'మొంతేరో'గా అమ్ముడయింది, అసలు పేరు అక్కడ బూతు కాబట్టి.

11. సరిచూసే పద్ధతి

ఇంగ్లీషు-స్పానిష్ డిక్షనరీలో దొరికిన మాటని అక్కడితో వదలకండి. రాయల్ స్పానిష్ అకాడమీ నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉచితం. అందులో స్పానిష్‌కి స్పానిష్ అర్థం, దేశాల గుర్తులు ఉంటాయి. మొదటి అర్థం మీ అర్థమేనా, మీ దేశం గుర్తున్నచోట 'బల్గార్' లేదా 'మల్సోనాంతే' అన్న హెచ్చరిక ఉందా చూడండి. ఆ హెచ్చరిక ఉంటే ఆ మాట వదిలేయండి. తర్వాత ఆ మాటని ఒంటరిగా కాకుండా మూడు నాలుగు మాటల పలుకుబడిగా, కొటేషన్లలో పెట్టి, ఆ దేశపు వార్తాపత్రికల సైట్లలో వెతకండి. అక్కడివాళ్ళు అలా అంటున్నారో లేదో ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అనువదించిన దాన్ని మెషీన్‌తో వెనక్కి ఇంగ్లీషులోకి మార్చి చూసుకోవడం చాలామంది చేసేదే, కానీ దాన్ని నమ్మి కూర్చోకండి. 'ఎస్తోయ్ కాలియెంతే'ని మెషీన్ మళ్ళీ 'ఐ యామ్ హాట్' అనే చూపించవచ్చు, తప్పు కప్పుబడిపోతుంది. ఇంగ్లీషు మూలం చూడని స్పానిష్ మనిషికి ఇచ్చి, చదివి ఏమర్థమైందో సొంత మాటల్లో చెప్పమనండి. బాగుందా అని అడిగితే మర్యాదకి బాగుందంటారు.

చివరగా అక్షరాల మీది గుర్తులు. 'ఎన్' మీద అల గీత మానేస్తే 'ఆన్యోస్' కాస్తా 'ఆనోస్' అవుతుంది. ఇరవయ్యేళ్ళున్నాయని చెప్పబోయి ఇరవై మలద్వారాలున్నాయని రాసినట్టు. ఫోన్‌లో 'ఎన్' మీద వేలు నొక్కిపెడితే ఆ అక్షరం వస్తుంది. విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 164 కొట్టండి, పెద్ద అక్షరానికి 165. ప్రింటుకి వెళ్ళే ముందు ఫైలు పీడీఎఫ్‌లో తెరిచి, ఫాంట్ ఈ గుర్తుల్ని మింగేసిందేమో కూడా చూడండి. స్క్రీన్ మీద కనిపించినవి అచ్చులో డబ్బాలుగా మారడం మన తెలుగు ఫాంట్లతో అలవాటే కదా.